సంచి ఇచ్చే చేతికి శిక్షణ: ఫుడ్ బ్యాంక్ సిబ్బందికి, వాలంటీర్లకు ట్రామా గురించి ఎలా నేర్పాలి

నేను పనిచేసిన ఒక ఫుడ్ బ్యాంక్‌కి ఒకావిడ రెండు వారాలు గేటు దాకా వచ్చి, క్యూ చూసి, వెనక్కి వెళ్లిపోయింది. మూడో వారం లోపలికి వచ్చింది. టేబుల్ దగ్గర ఫారం నింపుతున్న వాలంటీరు చాలా మంచి అమ్మాయి. నవ్వుతూనే అడిగింది, "మీ ఆయన ఏం చేస్తారండీ?" అని. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాసేపు ఆ అమ్మాయి చేతిలోని పెన్ను వంకే చూసి, లేచి, సంచి కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తూలనాడలేదు. ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగారు. మా వాలంటీర్లకు బరువులు ఎత్తడం నేర్పాం, ఎక్స్‌పైరీ తేదీలు చూడటం నేర్పాం, ఫ్రిజ్ టెంపరేచర్ రాసిపెట్టడం నేర్పాం, కానీ ఎదురుగా కూర్చున్న మనిషి లోపల ఏం జరుగుతుండొచ్చో మాత్రం చెప్పలేదు. దానికి కారణం కూడా ఉంది. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొట్టమొదటి ఫుడ్ బ్యాంక్ పెట్టినప్పుడు అసలు ఆలోచన సరుకు గురించి: పారేసే తిండిని ఒకచోట జమచేసి, కావలసినవాళ్లకు అందించాలి. అందుకే ఈనాటికీ మన పద్ధతులు చాలావరకు బస్తాలకు సరిపోయేలా ఉంటాయి, మనుషులకు కాదు.

ఈ శిక్షణ పెట్టాలనుకునేవాళ్లు ముందే ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. వచ్చినవాళ్ల మనసుకు తగిలిన గాయాన్ని (ట్రామా అంటే అదే) మాన్పడం మన పని కాదు, అది మనకు రాదు కూడా. ఆ గాయం మీద చెయ్యి పడకుండా సరుకులు ఇవ్వడం మన పని. దానికి వాలంటీరు మంచితనం ఒక్కటే చాలదు. చోటు, ఫారం, వరస కూడా మారాలి.

1. శిక్షణకు ముందు మీరే క్యూలో నిలబడండి

పంపిణీ జరిగే రోజున, గేటు నుంచి బయటికి వెళ్లేదాకా, సంచి తీసుకోవడానికి వచ్చిన మనిషిలా నడవండి. చేతిలో చిన్న పుస్తకం పెట్టుకోండి. క్యూ రోడ్డు మీదికి వచ్చిందా, దారినపోయే ప్రతివాళ్లకూ అందులో ఎవరున్నారో కనపడుతోందా? కూర్చోవడానికి కుర్చీ, వాడుకోవడానికి బాత్రూమ్ ఉన్నాయా? పేరు గట్టిగా పిలుస్తున్నారా, టోకెన్ నంబరు పిలుస్తున్నారా? గేటు దగ్గర మొదట కనపడేది యూనిఫాం వేసుకున్న గార్డా, పలకరించే మనిషా? తన కష్టం ఎన్ని టేబుళ్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పుకోవాలి? ఆ చెప్పేది వెనక నిలబడ్డవాళ్లకు వినపడుతోందా? కూర్చున్న చోటు నుంచి బయటికి వెళ్లే తలుపు కనపడుతోందా? ఈ చివరిది చిన్న విషయంగా అనిపిస్తుంది, కానీ ఒకప్పుడు తలుపు మూసి కొట్టిన ఇంట్లో బతికిన మనిషి ఏ గదిలోకి వెళ్లినా ముందు వెతికేది తలుపునే.

వీటిలో రెండు మూడైనా శిక్షణకు ముందే సరిచేయండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. ఫారం పాతదే ఉంచి, క్యూ ఎండలోనే ఉంచి, వాలంటీర్లను మాత్రం "మెత్తగా మాట్లాడండి" అని కూర్చోబెడితే, తప్పంతా వాళ్ల నోటి మీదికి నెట్టినట్టే అవుతుంది.

2. ఎవరు రావాలి, ఎంతసేపు, ఎవరు నేర్పాలి

అందరూ రావాలి. కౌంటర్ దగ్గరుండేవాళ్లే కాదు, వ్యాన్ డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, ఫోన్ ఎత్తేవాళ్లు, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించేవాళ్లు, మేనేజరు. ముఖ్యంగా మేనేజరు. పైన కూర్చున్నవాళ్లు రాని శిక్షణ నెల తిరిగేలోపే మర్చిపోతారు, ఎందుకంటే రూల్ మార్చే అధికారం ఉన్నవాళ్లు అది విననేలేదు.

ఒక రోజంతా కూర్చోబెట్టేకంటే రెండు గంటల చొప్పున రెండుసార్లు పెట్టడం మంచిది. మధ్యలో ఒక పంపిణీ రోజు వచ్చేలా చూసుకోండి. మొదటిసారి విన్నది కౌంటర్ దగ్గర కళ్లారా చూసి రెండోసారి ప్రశ్నలతో వస్తారు. గుంపు 15 మంది దాటితే అందరికీ మాట్లాడే వీలుండదు. నేర్పేవాళ్లలో ఒకరు మానసిక ఆరోగ్యం గురించి చదువుకున్నవాళ్లు, ఇంకొకరు ఒకప్పుడు ఫుడ్ బ్యాంక్ నుంచి సరుకులు తీసుకున్నవాళ్లు అయితే అంతకంటే కావలసింది లేదు. ఆ రెండో మనిషికి వచ్చిన సమయానికి డబ్బులివ్వండి. తన కథ చెప్పమని అడగకండి. మన పద్ధతిలో ఏది ఇబ్బందిగా ఉంటుందో చెప్పమని అడగండి.

మొదటి అయిదు నిమిషాల్లో చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ గదిలో ఉన్న వాలంటీర్లలో కూడా ఆకలి చూసినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. కాబట్టి, "ఎవరూ సొంత విషయాలు చెప్పనక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి బయటికి వెళ్లొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు" అని స్పష్టంగా చెప్పండి. బయట ఒక మనిషిని కూర్చోబెట్టండి, అవసరమైతే మాట్లాడటానికి. ట్రామా గురించి చెప్పే తరగతే ఎవరికైనా ట్రామాను తిరగదోడితే ఇక మనం నేర్పేది ఏముంది?

3. మొదటి గంట: ట్రామా అంటే ఏమిటి, ఆకలి ఏం చేస్తుంది

దీన్ని పాఠంలా కాకుండా మాట్లాడినట్టు చెప్పండి. అమెరికాలో మానసిక ఆరోగ్యం, వ్యసనాల చికిత్స చూసే ప్రభుత్వ సంస్థ సామ్‌సా 2014లో ఇచ్చిన వివరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. అందులో మూడు ముక్కలున్నాయి: జరిగిన సంఘటన, దాన్ని ఆ మనిషి అనుభవించిన తీరు, ఆ తర్వాత మిగిలిన ప్రభావం. ఒకే వరదలో పక్కపక్క ఇళ్లు మునిగాయనుకోండి, ఒకరు ఆరు నెలల్లో తేరుకుంటారు, ఇంకొకరు ఏళ్ల తర్వాత కూడా వాన చప్పుడు వింటే నిద్రపోలేరు. సంఘటన ఒకటే, కానీ మిగిలింది వేరు. అందుకే "ఇంతమాత్రానికేనా?" అనే మాట మన నోట రాకూడదు.

మరి వచ్చినవాళ్లలో ఎవరికి ట్రామా ఉందో ఎలా తెలుస్తుంది అని తప్పకుండా అడుగుతారు. తెలియదు, తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. 1998లో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా అనే డాక్టర్ల బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలోని శాన్ డియాగోలో ఆరోగ్య బీమా ఉన్న 9,500 మందికి పైగా పెద్దవాళ్లను చిన్నతనంలో హింస, వేధింపులు, ఇంట్లో తాగుడు లాంటివి చూశారా అని అడిగితే సగానికి పైగా కనీసం ఒకటి చూశామన్నారు. వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగే స్తోమత ఉన్నవాళ్లు. కాబట్టి కౌంటర్ ముందుకొచ్చే ప్రతి మనిషికీ ఏదో ఒకటి ఉండొచ్చు అనుకుని, అందరితోనూ ఒకేలా మెలగడమే దారి.

తర్వాత శరీరం గురించి చెప్పండి. ప్రమాదం అనిపించగానే మెదడులో అలారం మోగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆలోచించి మాట్లాడే భాగం కాసేపు వెనక్కి తగ్గుతుంది. ఒకసారి బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ అలారం చిన్నదానికీ మోగుతుంది. గట్టిగా పేరు పిలిస్తే, వెనక నుంచి ఎవరైనా భుజం తడితే, టేబుల్ అవతల మనిషి లేచి నిలబడితే కూడా మోగుతుంది. ఆ సమయంలో "శాంతంగా ఉండండి, నేను చెప్పేది వినండి" అంటే ఆ మాట లోపలికి వెళ్లదు.

ఇక ఆకలి. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే మన దగ్గరికి వచ్చేవాళ్లందరిలో ఉన్నది ఇదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. వాళ్లంతా ఒప్పుకుని వచ్చినవాళ్లే. ఆరు నెలల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించారు. బరువు నాలుగో వంతు దాకా పోయింది. కానీ మన శిక్షణకు కావలసింది బరువు సంగతి కాదు. వాళ్లు చిన్న విషయాలకే చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు, తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది, పళ్లాలు నాకారు, వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. చదువుకున్నవాళ్లు, పక్కన డాక్టర్లు ఉన్నవాళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఇది ఫలానా తేదీన అయిపోతుంది అని తెలిసినవాళ్లు. మన క్యూలో ఉన్నవాళ్లకు ఆ తేదీ తెలియదు. ఈ మాట చెప్పి కాసేపు ఊరుకోండి. ఒక ప్యాకెట్ ఎక్కువ కావాలని గొడవపడ్డ మనిషిని "అత్యాశ" అన్న వాలంటీరు తనంతట తానే ఆలోచనలో పడటం నేను చూశాను.

4. ట్రామా ఎలా కనపడుతుంది

అందరికీ తెలిసింది కోపం ఒక్కటే. అది కాక ఇంకో మూడు రూపాలున్నాయి, వాటిని మనం తప్పుగా చదువుతాం. కొందరు సంచి అందగానే చూడకుండా, మాట్లాడకుండా పరుగులాంటి నడకతో వెళ్లిపోతారు, మనం పొగరు అనుకుంటాం. కొందరు గడ్డకట్టినట్టు ఉండిపోతారు, ప్రశ్నకు జవాబు రాదు, సంతకం పెట్టే చెయ్యి మధ్యలో ఆగిపోతుంది, మనం అర్థం కాలేదేమో అనుకుని గొంతు ఇంకా పెంచుతాం. కొందరు పదేపదే థాంక్స్ చెబుతారు, ఏమిచ్చినా ఒప్పుకుంటారు, తమకు పడని వస్తువు కూడా తీసుకుంటారు. వీళ్లను మనం "చాలా మంచివాళ్లు" అంటాం. ఎదుటివాళ్లను మెప్పిస్తేనే బతకగలం అని ఎక్కడో నేర్చుకుని ఉంటారు.

వీటిని చూసి వాలంటీర్లు రోగాలు నిర్ణయించకూడదు. "ఆయనకు ట్రామా ఉన్నట్టుంది" అని స్టోర్ రూమ్‌లో గుసగుసలాడటం కూడా అవమానమే. "ఈయనకేమైంది ఇలా ప్రవర్తిస్తున్నాడు" అని చిరాకుపడేచోట "ఈయన మీద ఏం గడిచిందో" అనుకోగలిగితే చాలు.

5. సూత్రాలను పనిగా మార్చడం

ట్రామాను దృష్టిలో పెట్టుకుని పనిచేయడానికి సామ్‌సా ఆరు సూత్రాలు చెప్పింది: భద్రత, నమ్మకం కలిగేలా దాపరికం లేకపోవడం, అలాంటి అనుభవమే ఉన్నవాళ్ల తోడు, కలిసి పనిచేయడం, ఎంపికా మాటా వాళ్లకు దక్కడం, సంస్కృతి, చరిత్ర, ఆడా మగా తేడాల వల్ల వచ్చే ఇబ్బందులను గుర్తించడం. వీటిని గోడ మీద పోస్టరు చేసి అంటించకండి. వాలంటీర్లను చిన్న జట్లుగా చేసి, ఒక్కో సూత్రానికి రేపటి నుంచి మనం మార్చగల ఒక్క పని చెప్పమనండి.

రెండిటి మీద మాత్రం నేను ఎక్కువసేపు ఆగుతాను. మొదటిది దాపరికం లేకపోవడం. ఇంకెంతసేపు పడుతుంది, ఏమేం మిగిలాయి, మళ్లీ ఎప్పుడు రావచ్చు, ఇవి బోర్డు మీద రాసి, నోటితో కూడా చెప్పండి. ఏదైనా అయిపోతే అయిపోయిందని అప్పుడే చెప్పండి. గంట నిలబడ్డాక తెలిస్తే ఆ మనిషి కోపం న్యాయమైనదే.

రెండోది ఎంపిక. ఆకలి రుచెరగదు అని సామెత ఉంది, ఫుడ్ బ్యాంకుల్లో దాన్ని మనం చాలా నిర్దయగా వాడుతున్నాం. ఏది ఇస్తే అది తీసుకోవాలి, వంకలు పెట్టకూడదు అన్నట్టు. షుగర్ ఉన్న మనిషికి పనికిరాని వస్తువు, పొయ్యి లేని ఇంటికి వండుకోవాల్సిన సరుకు ఇస్తే అది వృథా. అంతకుమించి, జీవితంలో ఏదీ తన చేతిలో లేకుండా పోయిన మనిషికి ఇంకోసారి "నీ ఇష్టంతో పనిలేదు" అని చెప్పినట్టు. కుదిరితే అరల్లో సరుకులు పెట్టి వాళ్లనే ఎంచుకోనివ్వండి. కట్టిన సంచులే ఇవ్వాల్సి వస్తే, కనీసం రెండు మూడు వస్తువుల దగ్గర "ఇదా, అదా?" అని అడగండి, వద్దన్నవి తిరిగి పెట్టడానికి ఒక బల్ల ఉంచండి.

6. మాటలు, ప్రశ్నలు, ఫొటోలు

ఫారం కాపీ అందరికీ ఇచ్చి ఒక్కో ప్రశ్న దగ్గర ఆపండి. దీనికి జవాబు తెలియకపోతే సరుకులు ఇవ్వలేమా? ఇవ్వగలిగితే ఆ ప్రశ్న కొట్టేయండి. దాతలకో, ప్రభుత్వానికో లెక్క చెప్పాల్సిన ప్రశ్న అయితే ఉంచండి, కానీ ఎందుకు అడుగుతున్నామో ముందు చెప్పండి: "మీ ఇంట్లో ఎంతమందో అడుగుతున్నాను, సంచి ఎంత పెద్దది ఇవ్వాలో దాన్నిబట్టే. చెప్పడం ఇష్టం లేకపోతే పర్వాలేదండీ."

వాక్యాలు పైకి పలికించండి, మనసులో చదువుకుంటే నోటికి రావు. "మళ్లీ వచ్చారా?" బదులు "రండి, బాగున్నారా". "రూల్ అంతే" బదులు "ఈ రూల్ వల్ల మీకు ఇబ్బంది అవుతోంది, అర్థమైంది. ఈరోజు నేను చేయగలిగింది ఇది." "మీకంటే కష్టంలో ఉన్నవాళ్లున్నారు" అనే మాటను పూర్తిగా మానేయండి. "అయ్యో పాపం" అని ముఖం పెట్టడం కూడా. వయసు చిన్నదైనా, బట్టలు మాసినా, మత్తులో ఉన్నా, "మీరు" అనే పిలవాలి. కౌంటర్ ఇవతల "సార్" అనిపించుకునే మనిషి అవతలివాళ్లను "నువ్వు" అన్నప్పుడు ఆ ఒక్క మాటలో అంతా అర్థమైపోతుంది.

ఫొటోల గురించి నాకు రాజీ లేదు. సంచి చేతికిస్తూ, "ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగితే ఎవరు కాదనగలరు? అది అనుమతి కాదు. దాతలకు చూపించాలంటే సర్దిన అరలు, వ్యాన్ దించుతున్న వాలంటీర్లను తీయండి.

7. నటించి చూడటం

రెండోసారి కూర్చున్నప్పుడు ఎక్కువ భాగం ఇదే. ముగ్గురు ముగ్గురుగా, ఒకరు కౌంటర్, ఒకరు వచ్చిన మనిషి, మూడోవాళ్లు చూస్తూ ఉండాలి. వచ్చిన మనిషి పాత్రను ఎగతాళిగా, ఏడుపుగా చేయనివ్వకండి, నిజంగా జరిగిన ఫలానావాళ్ల కథ వాడకండి. "ఆపండి" అంటే వెంటనే ఆపాలి.

ఒక సన్నివేశం: సరుకు అయిపోయింది, ఆఖరున ఉన్న మనిషి కేకలు వేస్తున్నాడు. ఇక్కడ నేర్పాల్సినవి చేతలే. ఒక్కరే మాట్లాడాలి, నలుగురు చుట్టుముట్టకూడదు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, రెండు చేతుల దూరంలో నిలబడాలి, చేతులు కనపడాలి, ముట్టుకోకూడదు. ఆయనకూ తలుపుకూ మధ్య మీరు ఉండకూడదు. ఆయన గొంతు పెరిగినకొద్దీ మీ గొంతు తగ్గాలి. "ఇంతసేపు నిలబడి ఖాళీ చేతులతో వెళ్లాలంటే కోపం వస్తుంది, మా వల్లే ఇది జరిగింది" అనండి, తర్వాత రెండు దారులు చూపించండి: "రేపు పొద్దున మీకు పక్కన పెట్టి ఉంచగలను, లేదా ఈరోజే ఇచ్చే ఇంకో చోటు చెబుతాను." సాకులు చెప్పకండి, ఆ సమయంలో కారణాలు ఎవరికీ అక్కర్లేదు.

ఇంకొకటి: సంచి అందుకుంటూ ఒకామె మెల్లగా, "ఇంట్లో కొడుతున్నాడు" అంటుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భాగస్వామ్య సంస్థలతో కలిసి, మానసిక ప్రథమ చికిత్స గురించి ఇచ్చిన మార్గదర్శిలో మూడే పనులు ఉన్నాయి: చూడటం, వినడం, సాయం దొరికేచోటికి చేర్చడం. ముందు ఆమె ఇప్పుడు ప్రమాదంలో ఉందేమో, వాడు బయటే నిలబడి ఉన్నాడేమో చూడాలి. పక్కన కూర్చోగలిగిన చోటికి తీసుకెళ్లి చెప్పినంత వినాలి, "ఎప్పటి నుంచి, ఎందుకు" అని తవ్వకూడదు. తర్వాత ఆమె సరేనంటే సరైన సంస్థ నంబరు ఇవ్వాలి, ఆమె అడిగితే మన ఫోన్ నుంచే కలపాలి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, ముఖ్యంగా చెప్పింది చిన్నపిల్లలైతే. అప్పుడు ఎవరికి చెప్పాలో సంస్థలో ముందే ఒక మనిషిని పెట్టి ఉండాలి. ఆ నంబర్ల కాగితాన్ని మూడు నెలలకోసారి నిజంగా ఫోన్ చేసి సరిచూడండి. ధైర్యం చేసి అడిగిన మనిషికి పనిచేయని నంబరు ఇవ్వడం కంటే ఘోరం లేదు.

8. ఓపికకు హద్దు

ఇదంతా విని, "అయితే ఎవరేమన్నా పడాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. కొట్టడం, బెదిరించడం, వాలంటీరును అసభ్యంగా అనడం ఒప్పుకోనక్కర్లేదు. కానీ హద్దులు ముందే రాసి కనపడేలా పెట్టాలి, అందరికీ ఒకేలా అమలు చేయాలి. ఎవరినైనా రావద్దనాల్సి వస్తే ఎన్నాళ్లో, మళ్లీ ఎలా రావచ్చో చెప్పాలి. ఆ ఇంట్లోవాళ్లకు సరుకులు వేరే మనిషి ద్వారా అందేలా చూడాలి, తప్పు చేయని పిల్లలు పస్తులుండకూడదు కదా.

9. వాలంటీర్లు మోసే బరువు

రోజూ ఇతరుల కష్టం వింటుంటే అది మనకూ అంటుకుంటుంది. నిద్ర పట్టకపోవడం, ఇంటికెళ్లాక కూడా అదే ఆలోచన ఒకవైపు, ఏమీ అనిపించకుండా మొద్దుబారిపోవడం, వచ్చినవాళ్ల మీద చులకన మాటలు ఇంకోవైపు. రెండోది కనపడగానే మనం ఆ వాలంటీరును తిట్టేస్తాం, కానీ చాలాసార్లు అది అలసట. కౌంటర్ దగ్గర రెండు గంటలు చేస్తే ఆ తర్వాత సర్దే పనికి మార్చండి. షిఫ్ట్ అయ్యాక పది నిమిషాలు కూర్చోండి: ఈరోజు ఏది బరువుగా అనిపించింది, ఏది బాగా జరిగింది. ఎవరి కథనూ పేర్లతో వర్ణించకూడదు. ఒక వారం రాలేనన్న మనిషిని కారణం అడక్కండి.

10. శిక్షణ అయ్యాక

నెలకోసారి పావుగంట, జరిగిన ఒక విషయం తీసుకుని మాట్లాడుకోండి. సంచి తీసుకున్నవాళ్లను పేరు అడక్కుండా రెండు మాటలు అడగండి: ఇక్కడ మీకు మర్యాద దక్కిందా, ఏది మార్చితే బాగుంటుంది. జవాబు కౌంటర్ దగ్గర నోటితో కాకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేసేలా ఉండాలి, రాయలేనివాళ్లకు బొమ్మల మీద టిక్కు పెట్టే వీలుండాలి. క్యూ నుంచి మధ్యలో వెళ్లిపోయినవాళ్లను లెక్కపెట్టండి. ఆ లెక్క ఎవరూ రాయరు, నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యం. నెలకు ఒక్కటి మార్చండి, మార్చింది బోర్డు మీద రాయండి: "మీరు చెప్పారు, మేం చేశాం" అని.

కొత్తగా చేరిన వాలంటీరును నేరుగా కౌంటర్ దగ్గర కూర్చోబెట్టకండి. మొదటి రోజు క్యూలో నిలబడి, టోకెన్ తీసుకుని, ఫారం నింపి, సంచి అందుకుని, ఆ సంచి పట్టుకుని రోడ్డు దాకా నడిచి రమ్మనండి. తిరిగొచ్చాక ఏమనిపించిందో అడగండి, వాళ్లు చెప్పింది ఫారం పక్కన రాసుకోండి.